హెచ్ఎల్‌కే-పీఎం01 : చిన్న డబ్బాలో మెయిన్స్ నుంచి 5 వోల్ట్స్, వాడాక నా మాట

గోడలో స్విచ్ బాక్స్ వెనకాల పట్టే వైఫై రిలే బోర్డు (వైఫైతో లైట్లు, ఫ్యాన్లు ఆన్-ఆఫ్ చేసేది, రిలే అంటే కరెంట్‌తో పనిచేసే స్విచ్) ఒకటి చేస్తున్నా, దానికోసం హై-లింక్ కంపెనీ వాళ్ల ఈ పవర్ సప్లై మాడ్యూల్ తీసుకున్నా. 34×20×15 మిల్లీమీటర్లు అంతే, ఏసీ 100 నుంచి 240 వోల్ట్స్ దాకా ఏదిచ్చినా 5 వోల్ట్స్ డీసీ, 600 మిల్లీఆంప్స్ ఇస్తుంది.

దీనికంటే ముందు పేరూ ఊరూ లేని ఓపెన్ బోర్డు ఒకటి వాడా, రెండు నెలలు బానే నడిచింది, ఓ రోజు ఎందుకో విప్పి వెనక్కి తిప్పి చూస్తే ఒళ్ళు జలదరించింది. 230 ఏసీని డీసీ చేశాక కెపాసిటర్ మీద దాదాపు 325 వోల్ట్స్ ఉంటాయి కదా, ఆ ట్రాక్‌కీ మనం చేత్తో ముట్టుకునే 5 వోల్ట్స్ ట్రాక్‌కీ మధ్య 2 మిల్లీమీటర్లు కూడా లేదు! కనీసం 6 పైన ఉండాలి, నేనైతే 8 వదిలి మధ్యలో బోర్డుకి గాడి కూడా కోయిస్తా, ఎందుకంటే దుమ్ము, చెమ్మ చేరితే కరెంట్ బోర్డు పైపైనే పాకుతుంది. పైగా రెండు వైపులకీ మధ్య వై క్లాస్ కెపాసిటర్ (పాడైనా షార్ట్ అవ్వకుండా చేసిన సేఫ్టీ రకం) ఉండాల్సిన చోట మామూలు సిరామిక్ పెట్టారు, అది షార్ట్ అయితే యూఎస్‌బీ పిన్ మీదకి నేరుగా ఫేజ్ వచ్చేస్తుంది, పిల్లలున్న ఇంట్లో అది తలుచుకుంటేనే భయం.

పీఎం01 మొత్తం సీల్ చేసి వస్తుంది కాబట్టి లోపల మనం చెడగొట్టేది ఏమీ లేదు. బోర్డుతో పాటు డబ్బాలో పెట్టి, మూత మూసి 500 మిల్లీఆంప్స్ లోడ్‌తో గంట నడిపా, వేడెక్కింది గానీ చెయ్యి పెట్టగలిగేంతే, వోల్టేజ్ కదల్లేదు. నాకు బాగా నచ్చింది.

కానీ దీన్ని తెచ్చి నేరుగా ఫేజ్, న్యూట్రల్‌కి తగిలించేయకండి ప్లీజ్. ముందు ఫ్యూజ్, దాని తర్వాత వేరిస్టర్ (సర్జ్‌లని, అంటే లైన్‌లో ఒక్కసారిగా ఎగిసే వోల్టేజ్‌ని మింగేది), ఈ వరసే ఉండాలి, వేరిస్టర్ సర్జ్‌లు తిని తిని చివరికి షార్ట్ అవుతుంది, అప్పుడు ఫ్యూజ్ ముందుంటేనే కాపాడుతుంది. వేరిస్టర్‌కి ఆనించి ఒక థర్మల్ ఫ్యూజ్ (వేడి మించితే తెగిపోయేది) కూడా పెట్టా నేను. మాడ్యూల్ కింద మీ బోర్డులో ఏసీ, డీసీ ట్రాక్‌లు దగ్గరికి తెస్తే లోపల వాళ్లు పడ్డ కష్టమంతా వేస్ట్.

రెండు రిలేల వరకు హాయిగా సరిపోతుంది. మామూలు 5 వోల్ట్ రిలే ఒక్కోటి 70 మిల్లీఆంప్స్ పైనే లాగుతుంది, వైఫై చిప్ పంపేప్పుడు ఒక్కసారిగా 300 దాకా వెళ్తుంది, అందుకే నాలుగు రిలేలు పెట్టేవాళ్లు, ఇది 3 వాట్లే కాబట్టి, 5 వాట్ల మోడల్‌కి వెళ్లండి.