నెల్లూరు నుంచి చీరాల దాకా మగ్గాల ఊళ్లు: దారులు, బసలు, ప్రభుత్వ సాయం

నెల్లూరు వైపు నేత ఊళ్లు చూడడానికి వచ్చేవారిలో ఎక్కువమంది నేరుగా వెంకటగిరికి వెళ్లి, ఒక దుకాణంలో చీరలు కొనుక్కొని సాయంత్రానికి తిరిగివెళతారు. మేము అలా కాకుండా పాటూరు, పల్లిపాడు, వెంకటగిరి, చీరాల వరుసగా చూడాలని బయలుదేరాము. చేనేతకూ, మిల్లులకూ కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు ప్రకటించే పథకాల గురించి పత్రికల్లో చదువుతూ ఉంటాము కాబట్టి, ఆ సాయం మగ్గం గుంట దాకా ఏ రూపంలో చేరుతోందో కళ్లారా చూడాలన్నది మా ప్రధాన ఉద్దేశం. 2022 ఏప్రిల్ పునర్విభజనలో వెంకటగిరి తిరుపతి జిల్లాలోకి, చీరాల బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి. అయినా మొదటిది నెల్లూరు నేతగా, రెండవది ప్రకాశం నేతగానే ఇప్పటికీ జనం నోట ఉన్నాయి.

బసకు నెల్లూరే అనువైన చోటు. రైల్వే స్టేషను దగ్గరా, మద్రాసు బస్టాండు చుట్టుపక్కలా అన్ని ధరల్లోనూ గదులు దొరుకుతాయి. పదిహేను వందల నుంచి రెండు వేల రూపాయల మధ్య శుభ్రమైన ఏసీ గది వస్తుంది, పైగా కోవూరు వైపైనా గూడూరు వైపైనా బస్సులకు లోటు లేదు. మేము ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకున్న ఒక లాడ్జిలో మాత్రం, చెల్లించిన మొత్తానికి అదనంగా మరొక మనిషికి రుసుము కట్టాలని పట్టుబట్టారు. అందువల్ల గదికి ఎంతమంది వస్తున్నారో ఫోనులో చెప్పి, ఆ మాట సందేశంగా కూడా రాయించుకోవడం మంచిది. భోజనానికి చేపల పులుసు దొరికే మెస్‌లు చాలా ఉన్నాయి. మధ్యాహ్నం ఒంటిగంటకు ముందే వెళ్లినవారికే మంచి ముక్కలు మిగులుతాయి.

పాటూరు కోవూరు మండలంలో ఉంది. పెన్న వంతెన దాటి కోవూరులో దిగితే ఆటోలు దొరుకుతాయి. తిక్కన సోమయాజి ఊరిగా తెలుగువారందరికీ తెలిసిన పేరు ఇది. ఇక్కడ చూడవలసినది గుంట మగ్గం. నేల మట్టానికి కింద కాళ్లు ఉంచి కూర్చునే ఆ మగ్గం మీద అడ్డపోగును తీసుకుపోయే నాడె ఒక వైపు నుంచి మరొక వైపుకు పోతుంటే, పక్క గదిలో ఇంటి ఆడవారు చిలప నూలును (లచ్చలుగా కట్టిన నూలును) రాట్నం మీద కండెలకు ఎక్కిస్తున్నారు. మేము కూర్చున్న ఇంటిలో అరవై దాటిన ఒక పెద్దాయన, తెగిన పడుగు (నిలువు) పోగును వేలికొనతో మెలిపెట్టి అతికించి, చేయి తీసేలోపే మళ్లీ నేతలో పడ్డారు. అతుకు ఎక్కడ ఉందో మాకు కనబడలేదు.

ప్రభుత్వ సాయం మొదట కనబడవలసినది ఆ చిలప నూలులోనే. నేషనల్ హ్యాండ్లూమ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ ద్వారా నడిచే ముడిసరుకు సరఫరా పథకంలో చిలప రూపంలోని నూలుకు, దేశీయ పట్టుకు, ఉన్నికి, నారనూలుకు 15 శాతం ధర రాయితీ ఉంది. రవాణా ఖర్చు కూడా కొంత వెనక్కి వస్తుంది. దీనికి తోడు స్పిన్నింగ్ మిల్లులు దేశీయ వాడకానికి అమ్మే నూలులో 30 శాతం చిలపలుగా కట్టాలన్న నిబంధన ఉంది. ఇది ఒకప్పుడు 50 శాతం, ఆ తరువాత 40 శాతం ఉండేది. పాటూరులో మాకు వినిపించిన మాట ఏమిటంటే, రాయితీ మంచిదే కాని, కావలసిన కౌంటు (నూలు సన్నదనపు కొలత, అంకె పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది), కావలసిన రంగు కావలసిన వారంలో దొరకాలి. దొరకనప్పుడు నేతగాడు మళ్లీ సావుకారు దగ్గరికే వెళ్లి, ఆయన ఇచ్చిన నూలు, ఆయన చెప్పిన నమూనా తీసుకొని మజూరీకి నేస్తాడు. శాతాల లెక్క ఎంత ఘనంగా ఉన్నా, నూలు ఆలస్యమైతే ఆ రాయితీ నేతగాడి ఇంటిదాకా రాదు. ఈ యాత్రలో మేము తిరిగిన ప్రతి ఊరిలోనూ ఇదే మాట ఏదో ఒక విధంగా ఎదురైంది.

ఇందుకూరుపేట మండలంలోని పల్లిపాడుకు ఒక పూట చాలు. పెన్న ఒడ్డున ఉన్న పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమాన్ని 1921 ఏప్రిల్ 7న గాంధీజీ ప్రారంభించారు. చోటు ప్రశాంతంగా ఉంది కాని, తినడానికి దగ్గరలో ఏమీ దొరకదు కాబట్టి నీళ్లు, ఫలహారం వెంట తీసుకువెళ్లాలి. మగ్గాలు చూడాలన్న ఆశతో ఇక్కడికి రానక్కరలేదు. ఖద్దరు ఉద్యమం ఈ జిల్లాలో ఎంత తొందరగా వేరూనిందో తెలుసుకోవాలనుకునేవారు తప్పక రావాలి.

వెంకటగిరి గురించి ఎంత రాసినా తక్కువే. నెల్లూరు నుంచి గూడూరు మీదుగా ఇంచుమించు రెండు గంటల ప్రయాణం. ఊళ్లో లాడ్జీలు తక్కువ, సౌకర్యాలు సాదాసీదాగా ఉంటాయి. రాత్రి బస ఇష్టం లేనివారు నెల్లూరు నుంచి తెల్లవారగానే బయలుదేరి చీకటి పడేలోపు తిరిగి చేరవచ్చు. అయితే మగ్గం పని నిజంగా చూడాలంటే ఉదయం ఏడు గంటలకే ఊళ్లో ఉండాలి, అందుకు ఒక రాత్రి ఇబ్బంది పడినా పరవాలేదని నా అభిప్రాయం. వినాయక చవితి తరువాత వచ్చే పోలేరమ్మ జాతర రోజుల్లో మాత్రం గదులు దొరకవు, మగ్గాలూ ఆగిపోతాయి. అప్పుడు వెళ్లేవారు జాతర కోసమే వెళ్లాలి.

వెలుగోటి వంశపు రాజుల ఆదరణలో పెరిగిన ఈ నేత, సన్నని నూలుకూ, నేతలోనే బుటాలు (చిన్న పూల నమూనాలు) వేసే జాందానీ పనికీ పేరు పొందింది. జాందానీని దగ్గరగా చూస్తే తప్ప దాని శ్రమ అర్థం కాదు. పడుగు కింద బుటా గీసిన కాగితం ఉంటుంది. ఒక్కొక్క బుటాకు ఒక్కొక్క చిన్న కండె వేలాడుతూ ఉంటుంది. నేతగాడు మామూలు పేక (అడ్డపోగు) ఒకటి వేసి, ఆ తరువాత ఒక్కొక్క కండెను వేళ్లతోనే పడుగు పోగుల మధ్య దూర్చి, మళ్లీ పేక వేసి, దువ్వెనతో కొడతాడు. వెనక వైపు తెగిన దారాలు వేలాడకుండా రెండు వైపులా ఒకే రూపం రావడం దీని గొప్పతనం. కొంగు నిండా పెద్ద నమూనా ఉన్నప్పుడు ఒకే మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చొని నేస్తారు. మేము చూసిన గంటసేపట్లో ఆ బట్ట బెత్తెడు కూడా పెరగలేదు.

ఇక్కడ నాకు ఎక్కువ సంతృప్తి కలిగించిన ప్రభుత్వ సాయం, ప్రగడ కోటయ్య స్మారక చేనేత సాంకేతిక సంస్థ. చేనేత కార్మికుల కోసం జీవితాంతం పోరాడి, చీరాల నుంచి శాసనసభకు కూడా ఎన్నికైన నాయకుడి పేరు దానికి పెట్టారు. ఇక్కడ మూడేళ్ల డిప్లొమాలో నూలు పరీక్ష, రంగుల అద్దకం, నమూనాల రూపకల్పన, జకార్డు (మగ్గానికి తగిలించి నమూనాలు నేసే పరికరం) పని నేర్పుతారు. నేత కుటుంబాల పిల్లలు మగ్గం వదిలి పారిపోకుండా, మగ్గం గురించి చదువుకొని ఉద్యోగాల్లో చేరడమో, తిరిగి వచ్చి సొంత నమూనాలు వేయడమో చేయడానికి ఇది దారి చూపుతుంది. ఒక్కసారి ఇచ్చి మరచిపోయే నగదు కంటే ఇలాంటి సంస్థ ఎక్కువ కాలం నిలిచే సాయం అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

వెంకటగిరి చీరకు భౌగోళిక గుర్తింపు (ఆ పేరు ఆ ప్రాంతపు నేతకే చెందుతుందన్న జీఐ గుర్తింపు) ఉంది. చేనేత వస్త్రాల రిజర్వేషన్ చట్టం 1985 నుంచి ఉంది. దాని ప్రకారం 11 రకాల వస్త్రాలను, కొన్ని లక్షణాలున్న చీరలతో సహా, మరమగ్గం మీద నేయకూడదు. అయినా వెంకటగిరిలోని ఒక దుకాణంలో మా బృందంలోని ఒకరికి చేనేత అని చెప్పి చూపించిన చీరకు అంచుల వెంట సూది గుర్తులు లేవు, బుటాల వెనక దారాలు కత్తిరించి ఉన్నాయి. బట్ట ముడుచుకోకుండా మగ్గం మీద అంచులకు పట్టించే బద్ద సూదులు వదిలే చిన్న గుర్తులు చేనేతలో ఉంటాయి. ఇవి చూడడం కొనేవారికి తేలికే కాని, తనిఖీ అంతా కొనేవారి మీదే వదిలేయడం న్యాయం కాదు. 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్క్ చీటీ ఉన్న చీరనే అడగండి. సహకార సంఘంలో కొంటే రసీదు, చీటీ రెండూ ఇచ్చారు. చిన్న బుటాల నూలు చీర రెండున్నర వేల నుంచి మొదలైంది, నిండు జాందానీ కొంగు ఉన్నది ఇరవై వేలు దాటింది. బేరం ఆడలేదు. ఆ పని చూసిన తరువాత ఆడాలని కూడా అనిపించలేదు.

నూలు మాట ఇక్కడ మరింత పదునుగా వినబడింది. మిల్లులు చిలపలుగా కట్టవలసిన నూలులో కనీసం 80 శాతం, 80 కౌంటు లేదా అంతకు తక్కువ ఉండాలని నిబంధన. దేశంలో ఎక్కువ మగ్గాలకు అదే కావాలి కాబట్టి అది సమంజసమే. కాని 100 కౌంటు నూలు మీద ఆధారపడే వెంకటగిరి వంటి ఊరికి మిగిలేది ఆ చిన్న వాటా మాత్రమే. దేశమంతటికీ ఒకే కొలత పెట్టినప్పుడు సన్నని నేతకు ప్రత్యేకంగా ఒక నూలు నిల్వ ఊళ్లోనే ఏర్పాటు చేయడం ప్రభుత్వానికి పెద్ద భారం కాదు.

చీరాలకు రైలులో వెళ్లడమే సుఖం. విజయవాడ, గూడూరు మధ్య ప్రధాన మార్గం మీద ఉంది కాబట్టి నెల్లూరు నుంచి రైళ్లు బాగానే ఉన్నాయి. బసకు పట్టణంలో లాడ్జీలు, వాడరేవు, రామాపురం తీరంలో రిసార్టులు ఉన్నాయి. శని ఆదివారాల్లో హైదరాబాదు నుంచి వచ్చేవారి రద్దీతో రిసార్టుల ధరలు బాగా పెరుగుతాయి, సేవ మాత్రం తగ్గుతుంది. మేము వారం మధ్యలో వెళ్లి సగం ధరకే ఉన్నాము. జాండ్రపేట, ఈపూరుపాలెం, వేటపాలెం వీధుల్లో నడిస్తే కుప్పడం పట్టు చీరల మగ్గాలు వరుసగా కనిపిస్తాయి. ఇక్కడ 50 ఏళ్లు నిండిన నేతగాళ్లకు నెలకు 4,000 రూపాయల పింఛను అందుతోంది. దాని గురించి ఎవరూ ఫిర్యాదు చేయలేదు. చీరాల మగ్గాల మీద సాయం తిన్నగా చేరుతున్నది ఇదే అని నాకు అనిపించింది.

తిరుగు ప్రయాణంలో గణపవరం, చిలకలూరిపేట వైపు స్పిన్నింగ్ మిల్లుల మీదుగా వెళ్లాము. ఆధునిక వస్త్ర రంగానికి ఇచ్చే సాయం పూర్తిగా వేరే స్థాయిలో ఉంటుంది. యంత్రాలు మార్చుకోవడానికి 1999లో వచ్చిన టఫ్స్ పథకం ఈ మిల్లులకు ఎంతో ఉపయోగపడింది. ఇటీవలి వాటిలో ఉత్పత్తి ఆధారిత ప్రోత్సాహక పథకానికి 10,683 కోట్లు కేటాయించారు. కాని అది కృత్రిమ నారలకు, సాంకేతిక వస్త్రాలకు మాత్రమే, పైగా మొదట కనీస పెట్టుబడి 100 కోట్లు ఉండాలన్నారు, 2025లో దాన్ని సగానికి తగ్గించారు. పత్తి పండించి, పత్తి నూలు వడికే మన ప్రాంతానికి అందులో చోటు లేదు. 2023లో ప్రకటించిన ఏడు పీఎం మిత్ర (భారీ వస్త్ర పరిశ్రమల) పార్కుల్లో తెలంగాణకు వరంగల్ దక్కింది, ఆంధ్రప్రదేశ్‌కు ఒక్కటీ రాలేదు. చిలప నూలు తయారయ్యేది ఈ మిల్లుల్లోనే కాబట్టి, మిల్లును బలపరిచే పథకానికీ మగ్గాన్ని నిలబెట్టే పథకానికీ ఒకే చోట లంకె వేస్తే పాటూరులోనూ, వెంకటగిరిలోనూ విన్న ఆ ఆలస్యం తగ్గుతుందని నా ఆశ.

ఈ దారిలో వెళ్లాలనుకునేవారు ఒకటి గమనించాలి. సహకార సంఘాల దుకాణాలు ఆదివారం తెరవరు, అమావాస్య నాడు చాలా ఇళ్లలో మగ్గం ఎక్కరు. ముందుగా పంచాంగం చూసుకొని, మంగళ, బుధవారాల్లో వెంకటగిరి ఉండేలా ప్రయాణం పెట్టుకుంటే పని జరుగుతుండగా చూడవచ్చు. ఇళ్లలోకి వెళ్లినప్పుడు ఫొటోలకు ముందుగా అడగండి. కొత్త నమూనా మగ్గం మీద ఉంటే కొందరు వద్దంటారు, ఆ నమూనాను మరమగ్గాలవారు తీసుకుపోతారన్న భయం వారిది.