జేజి పింఛనా, అటల్ పెన్షనా?

అనంతపురంలో మా జేజికి ఒకటో తారీఖు పొద్దున్నే సచివాలయం ఆయప్ప ఇంటికొచ్చి 4000 చేతిలో పెట్టిపోతాడు, వేలిముద్ర పడకపోతే మాత్రం అది ఇంకో కత. ఆమె దీనికని ఒక్క రూపాయి కట్టింది ల్యా, అంతా ఇప్పుడు పనిజేసేటోళ్ల ట్యాక్సుల్లోంచే. మన రాష్ట్రంలో ఆడమనిషికి సగటున 1.7 మందే పిల్లలు, అంటే రేపు తీసుకునేటోళ్లు ఎక్కువ కట్టేటోళ్లు తక్కువ, పైగా ఎలక్షన్ వచ్చిందంటే పింఛన్ పెంచుతామనేటోళ్లే గానీ తగ్గిస్తామనేటోడు ఉండడు.

కేంద్రం స్కీము అటల్ పెన్షన్ దీనికి ఉల్టా, ఎవరిది వాళ్లే ముందు నుంచి కట్టుకుంటా రావాల, 18 ఏళ్లకి చేరితే నెలకి 210, అదే 40కి చేరితే 1454 కట్టాల, 60 దాటినాక నెలకి 5000 గ్యారంటీ. కానీ ధరలు ఎంత పెరిగినా ఆ 5000 అట్లే ఉంటాది. వేరుశనక్కాయ చేన్లకి కూలికి పోయేటోళ్లు వాన లేని ఏడు ఆ కిస్తీ యాడ్నుంచి తెచ్చి కడతారో నాకైతే అర్థం కాదు.