టెక్సస్‌లో వసంత టర్కీ వేట: బంగళా చూసి కాదు, గూటి చెట్టు చూసి క్యాంపు ఎంచుకోండి

మధ్య టెక్సస్‌లోని జంక్షన్, మేసన్, మెనార్డ్ ఊళ్ల చుట్టుపక్కల వేట క్యాంపుల ప్రకటనలు పది చూస్తే పదీ ఒకేలా ఉంటాయి. రాతి గోడల బంగళా, ప్లేటు నిండా స్టేక్, తోక విసనకర్రలా విప్పిన టర్కీ కోడిపుంజు పక్కన నవ్వుతున్న అతిథి. డబ్బు కట్టేముందు తెలుసుకోవాల్సిన సంగతి మాత్రం ఆ ఫోటోల్లో ఉండదు. ఆ నేలలో టర్కీలు రాత్రిపూట ఏ చెట్లను గూడుగా చేసుకుని పడుకుంటాయి, ఆ చెట్ల చుట్టూ వారానికి ఎంతమంది వేటగాళ్లను కూర్చోబెడుతున్నారు? మీ మూడు రోజులు పండేదీ ఎండేదీ దాన్నిబట్టే.

ఈ ఊళ్లున్న కొండ ప్రాంతం, టెక్సస్ హిల్ కంట్రీలో ఉండేది రియో గ్రాండే రకం టర్కీ. తోక ఈకల అంచు లేత గోధుమ రంగులో ఉంటుంది. అక్కడి నేల రాతి నేల, చెట్లు పొట్టివి. ఎత్తైన పెకాన్, సైప్రస్ చెట్లు నదుల వెంట, వాగుల వెంట మాత్రమే ఉంటాయి. అందుకే చుట్టుపక్కల మంద అంతా ఆ నాలుగు చెట్ల మీదికే చేరుతుంది, ఏళ్ల తరబడి అదే గూటికి వస్తుంది. అక్కడ ఒకసారి బండి లైట్లు పడ్డా, చెట్టు కింద తుపాకీ పేలినా మంద మొత్తం కంచె దాటి పక్క ర్యాంచికి మకాం మారుస్తుంది. జంక్షన్ దగ్గరున్న సౌత్ లానో రివర్ స్టేట్ పార్కులో నది ఒడ్డు గూళ్ల కోసం అక్టోబరు 1 నుంచి మార్చి 31 దాకా ఆ ప్రాంతాన్ని సందర్శకులకు మూసేస్తారు. మాటుగదుల్లో కూర్చుని చూడటానికి మాత్రం వీలుంటుంది. మీతో వచ్చినవాళ్లలో వేట ఇష్టం లేనివాళ్లుంటే వాళ్లకు ఆ పార్కు చక్కటి చోటు.

కాబట్టి ఫోన్లో అడగాల్సిన మొదటి ప్రశ్న ధర కాదు. "మీ నేలలో గూళ్లు ఎన్ని? సాయంత్రం గూటి దగ్గర వేటకు ఒప్పుకుంటారా?" అని అడగండి. పొద్దుగూకే ముందు గంటన్నర నుంచీ గూటి దగ్గరికి ఎవరినీ పోనివ్వం అని చెప్పే క్యాంపు తన పక్షుల్ని కాపాడుకుంటోందన్నమాట. "ఏం ఫర్వాలేదు, సాయంత్రం అక్కడే కొట్టేయొచ్చు" అని ఉత్సాహంగా చెప్పే చోట మొదటి వారం అతిథులు బాగుపడతారు, మూడో వారం వచ్చినవాళ్లకు ఖాళీ చెట్లు మిగులుతాయి. ఎకరాలు, మనుషుల లెక్క కూడా అడగండి. ఇద్దరు వేటగాళ్లకు కనీసం వెయ్యి ఎకరాలు, ఒక గూటి దగ్గర వారానికి రెండు ఉదయాలకు మించకుండా వేట అన్నది నేను పెట్టుకున్న గీత. 600 ఎకరాల్లో ఆరుగురిని దింపే క్యాంపుకు ఎంత తక్కువకిచ్చినా వెళ్లమని చెప్పను.

ఇక ప్రాంతాలు. టెక్సస్ భూమిలో 95 శాతం దాకా ప్రైవేటు చేతుల్లోనే ఉంది, అందుకే ఇక్కడ క్యాంపు వేటకు ఇంత గిరాకీ. మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను చెప్పేది హిల్ కంట్రీయే. శాన్ ఆంటోనియో నుంచి జంక్షన్‌కు ఐ-10 హైవే మీద సుమారు 115 మైళ్లు, ఆస్టిన్ నుంచి 140 మైళ్లు. డాలస్ వైపు నుంచి వచ్చేవాళ్లు ఐదు గంటలు చేతిలో పెట్టుకోవాలి. ఇక్కడ పొదలూ వాగులూ చాటునివ్వడం వల్ల కొత్తవాళ్లు కాస్త కదిలినా ఆట చెడదు. చైల్డ్రెస్, పడుకా ఊళ్ల వైపున్న రోలింగ్ ప్లెయిన్స్ మైదానాలు డాలస్ వాళ్లకు దగ్గర, మందలు కూడా పెద్దవి. కానీ నేల బయలు, గాలి ఎక్కువ. గాలి బలంగా వీచే రోజున పెట్ట కూతను అనుకరిస్తూ మీరు చేసే పిలుపు పుంజుకు వినపడదు, దాని కూత మీకు వినపడదు. దక్షిణ టెక్సస్ ముళ్లపొదల ర్యాంచీలు విశాలం, ధరలూ అంతే. చెట్లు లేనిచోట టర్కీలు కరెంటు స్తంభాల మీద కూడా పడుకుంటాయక్కడ. తూర్పు టెక్సస్‌లో ఉండేది వేరే రకం, ఈస్టర్న్ టర్కీ. కొద్ది కౌంటీల్లోనే, ఒక్క పుంజుకే అనుమతి. మొదటి యాత్రకు అది వద్దు.

సీజన్ ఉత్తర మండలంలో ఏప్రిల్ ఒకటి అటూఇటూగా వచ్చే శనివారం మొదలై మే మధ్య దాకా సాగుతుంది, దక్షిణ మండలంలో రెండు వారాలు ముందే మార్చి మధ్యలో తెరుస్తారు. మొదటి వారంలో కూతలు హోరెత్తుతాయి గానీ పుంజులు పెట్టల వెంటే తిరుగుతాయి, మీ పిలుపుకు బదులు పలికి పెట్టల వెంట అటే పోతాయి. ఏప్రిల్ మూడో వారానికి పెట్టలు గుడ్ల మీద కూర్చోవడం మొదలుపెడతాయి. అప్పుడు పొద్దున తొమ్మిదికీ పదకొండుకీ మధ్య ఒంటరైన పుంజు పిలిస్తే వచ్చేస్తుంది. పొద్దున్నే ఏమీ దొరకలేదని ఎనిమిదిన్నరకే టిఫిన్‌కు వెనక్కి తీసుకెళ్లే గైడు మీ చేతిలోని మంచి గంటలు పారబోస్తున్నట్టే. టిఫిన్ సంచిలో కట్టిచ్చే క్యాంపు మేలు.

ధరల సంగతి. రెండు రాత్రులు, బస, భోజనం, గైడు కలిపి ఒక పుంజుకు సాధారణంగా వెయ్యి నుంచి 1,800 డాలర్ల మధ్య చెబుతారు. రెండో పుంజుకు విడిగా తీసుకుంటారు. గైడుకు టిప్పు 10 నుంచి 20 శాతం, వంటవాళ్లకు విడిగా. గొడవలొచ్చేది ఒప్పందంలోని చిన్న అక్షరాల దగ్గర. గాయపడి తప్పించుకున్న పక్షిని కూడా కొట్టినట్టే లెక్కిస్తారు, రెండోదానికి మళ్లీ డబ్బు కట్టాలి. ఈ నియమం కఠినంగా ఉన్నా న్యాయమైనదే, దూరం నుంచి తొందరపడి కాల్చకుండా ఆపేది అదే. "నూటికి నూరు శాతం గ్యారంటీ" అంటే పుంజు దొరుకుతుందనా, కాల్చే అవకాశం వస్తుందనా అన్నది రాతలో తీసుకోండి. "సెమీ గైడెడ్" అంటే ఉదయం చోటు చూపించి వెళ్లిపోతారు, పక్కన కూర్చోరు. ఎప్పుడూ పిలుపు పెట్టె (పెట్ట కూత పలికించే చిన్న చెక్క పెట్టె) పట్టనివాళ్లు అందులో చేరడం దండగ. మరో మాట: చాలా కౌంటీల్లో మక్కజొన్న చల్లే ఫీడరు దగ్గర వేట చట్టబద్ధమే. తప్పని అనను, కానీ పిలిచి రప్పించే వేట కోసం డబ్బు కట్టి పెట్టె గదిలో కూర్చుని ఫీడరు చూస్తూ గడపడం వేరే సంగతి. ఏది ఇస్తారో ముందే తేల్చుకోండి.

తెలుగువాళ్లు ముఖ్యంగా గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. హెచ్1బి, ఎల్1, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. అమెరికాలో చట్టబద్ధంగా జారీ అయిన, గడువు దాటని వేట లైసెన్సు ఉన్నవాళ్లకు దీనినుంచి మినహాయింపు ఉంది. అంటే క్యాంపులో అద్దెకిచ్చే తుపాకీని ముట్టుకునే ముందే లైసెన్సు మీ జేబులో ఉండాలి. "అక్కడికెళ్లాక కొందాం" అనుకుని ముందురోజు గురి చూసుకోవడానికి వెళ్లడమే తప్పవుతుంది. ఇది ఇమ్మిగ్రేషన్ దాకా పోయే వ్యవహారం, సందేహముంటే వకీలును అడగండి. గ్రీన్ కార్డు వాళ్లకు ఈ అడ్డు లేదు. టెక్సస్ లైసెన్సు ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో ముగుస్తుంది. దాంతోపాటు అప్‌ల్యాండ్ గేమ్ బర్డ్ ఎండార్స్‌మెంట్ (టర్కీ లాంటి పక్షుల వేటకు అదనపు అనుమతి) కూడా తీసుకోవాలి, చాలామంది మరిచిపోయేది అదే. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు హంటర్ ఎడ్యుకేషన్ తప్పనిసరి, 17 నిండినవాళ్లు ఆన్‌లైన్లో పూర్తిచేయొచ్చు.

తుపాకీ 12 గేజ్ గానీ 20 గేజ్ గానీ చాలు, నోటికి ఫుల్ లేదా టర్కీ చోక్ (గొట్టం కొసను ఇరుకు చేసే బిగింపు) బిగించాలి. తూటాల్లో ఉండే చిన్న గుళ్లే పెల్లెట్లు, నంబరు పెరిగేకొద్దీ అవి సన్నబడతాయి. సీసం 5, 6 నంబర్లు చవక. టంగ్‌స్టన్ టీఎస్ఎస్ 9 నంబరు ఖరీదెక్కువ గానీ సీసం కంటే ఒకటిన్నర రెట్లు సాంద్రత ఉండటం వల్ల సన్న పెల్లెటు కూడా లోతుగా దిగుతుంది. ఏది తెచ్చినా కాగితం మీద పరీక్షించి తీరాలి. 40 గజాల దూరంలో పది అంగుళాల వలయం గీసి మూడు తూటాలు కాల్చండి. ప్రతిసారీ వలయంలో వంద పెల్లెట్లు పడితే ఆ దూరానికి సరే. ఎనభయ్యే పడితే మీ హద్దు 30 గజాలకు తగ్గించుకోండి. తర్వాత పది గజాల్లో ఒకటి కాల్చి చూడండి. రంధ్రం బత్తాయంతే ఉంటుంది. దగ్గరికొచ్చిన పుంజును తప్పడానికి అదొక కారణం. రెండోది, ఆత్రంలో చెంపను తుపాకీ కర్ర మీంచి ఎత్తేయడం. అప్పుడు గుండు తల మీదుగా పోతుంది. మంచి క్యాంపు చేరిన మధ్యాహ్నమే ఈ పరీక్ష చేయిస్తుంది. చేయించకపోతే మీరే అడగండి.

ఏప్రిల్ మధ్యలో జంక్షన్ దగ్గర సూర్యోదయం 7:10 అటూఇటూ. కాల్పుల సమయం అంతకు అరగంట ముందు మొదలవుతుంది. అంటే నాలుగూ ముప్పావుకు లేచి, బండిని గూటికి అరమైలు ఇవతలే ఆపి, ఆరింటికల్లా కూర్చోవాలి. గూటికి 100, 150 గజాల దూరం సరైనది. అంతకంటే దగ్గరైతే చెట్టు మీంచే మిమ్మల్ని చూసేస్తాయి. వీపు మీ భుజాల కంటే వెడల్పైన చెట్టుకు ఆనాలి. చాటు కోసమే కాదు, వెనకనుంచి పొరపాటున ఎవరైనా కాల్చినా ప్రాణం నిలబెట్టేది ఆ మానే. ఎరుపు, తెలుపు, నీలం గుడ్డ ఒంటి మీద కనపడకూడదు, చేతి రుమాలుతో సహా. ఆ మూడూ పుంజు తల రంగులు. డికాయ్‌ని (పుంజును రప్పించడానికి పెట్టే టర్కీ బొమ్మను) సంచిలో పెట్టి మోయాలి, కూత వినపడిన వైపు పాక్కుంటూ పోకూడదు.

డికాయ్‌లు 20 గజాల్లో పెడతారు. పడుచు పుంజు బొమ్మను మీవైపు తిప్పాలి, ఎందుకంటే వచ్చిన పుంజు దాన్ని ఎదురుగా నిలబడి సవాలు చేస్తుంది, అప్పుడు దాని వీపు మీకొస్తుంది. పుంజు ఛాతీ విరిచి తోక విప్పినప్పుడు మెడ ముడుచుకుపోయి ఉంటుంది, అప్పుడు కాల్చొద్దు. గైడు ఒక్కసారి గట్టిగా 'టక్' అనిపిస్తే మెడ నిటారుగా లేస్తుంది. మెడ మీది ఎర్రటి కండ బుడిపెలు దాటి ఈకలు మొదలయ్యే చోట గురి. వెనక పెట్ట గానీ ఇంకో పుంజు గానీ లేదని చూసుకున్నాకే. టర్కీకి వాసన పెద్దగా తెలియదు, కన్ను మాత్రం దాదాపు చుట్టూ చూస్తుంది. ఆవకాయ అన్నం తినొచ్చు గానీ దోమను కొట్టకూడదు.

గైడు మంచివాడా కాదా అన్నది అతను ఎంత తక్కువ పిలుస్తాడన్న దాంట్లో తెలుస్తుంది. పుంజు బదులిచ్చి ఇటు నడవడం మొదలయ్యాక ఇంకా పిలుస్తూ ఉంటే అది అక్కడే ఆగి పెట్ట తన దగ్గరికి రావాలని చూస్తుంది. ప్రకృతిలో జరిగేది అదే కదా. ఊరుకున్నవాడి దగ్గరికే పుంజు వెతుక్కుంటూ వస్తుంది.

బస గురించి ఎక్కువ చెప్పను. బంక్ గదుల్లో ఏసీ, వేడినీళ్లు, పక్షిని పెట్టడానికి చల్లటి గది ఉంటే చాలు. భోజనం బ్రిస్కెట్, స్టేక్, బీన్స్ చుట్టూ తిరుగుతుంది. బీఫ్ తిననివాళ్లు బుక్ చేసేటప్పుడే చెప్పాలి, చివరి నిమిషంలో చెబితే బంగాళాదుంపలే దిక్కు. పిడుదులు మాత్రం నిర్లక్ష్యం చేయొద్దు. అక్కడి లోన్ స్టార్ పిడుదు కుడితే కొందరికి మేకమాంసం, బీఫ్ లాంటివి ఏళ్ల తరబడి పడకుండా పోయే ఆల్ఫాగాల్ అలర్జీ రావచ్చు. 0.5 శాతం పర్మెత్రిన్‌ను బట్టలకు ముందురోజే కొట్టి ఆరబెట్టండి, ఒంటికి పూయకూడదు. బూటు మీదికి మేజోడు లాగి ప్యాంటు అందులో దోపుకోండి.

పక్షి పడ్డాక లైసెన్సు మీది టర్కీ ట్యాగు వెంటనే కట్టాలి, నెల, తేదీ చోట కత్తిరించి. మాంసం ఇంటికి చేరేదాకా ముల్లున్న ఒక కాలో, ఛాతీ ఈకలతో గడ్డం (ఛాతీ మీద వేలాడే వెంట్రుకల లాంటి కుచ్చు) ఉన్న తోలు ముక్కో ఉంచాలి, మగదని రుజువు అదే. పందెం పుంజుకు లాగే దీనికీ వయసు కాలి ముల్లు చెబుతుంది. అరంగుళం లోపుంటే పడుచుది, అంగుళం దాటితే మూడేళ్లు పైబడింది. ఎండ మండే మధ్యాహ్నాల్లో గంటలోపు పేగులు తీసి ఐసు పెట్టించండి. "సాయంత్రం చూద్దాం" అనే క్యాంపులో ఛాతీ మాంసం వాసనొస్తుంది.

ఛాతీ మాంసం మెత్తన, త్వరగా ఉడుకుతుంది, లోపల 74 డిగ్రీల సెల్సియస్ చేరగానే దించకపోతే పీచవుతుంది. కాళ్లు చాలాచోట్ల పారేస్తారు, వద్దనండి. అవి నాటుకోడి కాళ్లకంటే గట్టివి, నరాలు ఎముకల్లా ఉంటాయి. కుక్కర్లో ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లితో మొదట సన్న సెగ మీద నలభై అయిదు నిమిషాలు ఉడికించి, నరాలు లాగేసి, ఆ నీళ్లతోనే ధనియాలు, గసగసాలు, ఎండుకొబ్బరి నూరి నాటుకోడి పులుసులా పెట్టుకోవాలి.