టొరంటో ప్రశ్నావళి: గుండె రోగికి ఎంతవరకు పనికొస్తుంది?

గుండెపోటు తర్వాత మా నాన్నగారు చేరిన పునరావాస కేంద్రంలో నడక, మందులు, ఆహారం గురించిన సలహాలతో పాటు ఇరవై వాక్యాల ప్రశ్నావళి ఒకటి పూర్తి చేయించారు. బాగ్బీ, పార్కర్, టేలర్ 1994లో ప్రకటించిన టొరంటో అలెక్సిథైమియా స్కేల్ అది. మనసులో కలుగుతున్నది భయమో, దిగులో, కోపమో పోల్చుకోలేకపోవడం, పోల్చుకున్నా నోరు విప్పి చెప్పలేకపోవడం అలెక్సిథైమియా ప్రధాన లక్షణాలు. ఒక్కో వాక్యానికి 1 నుంచి 5 దాకా మార్కులుంటాయి. మొత్తం 61 లేదా అంతకు మించితే ఈ ఇబ్బంది ఉన్నట్టు, 51 లేదా అంతకు తగ్గితే లేనట్టు లెక్క.

గుండె జబ్బుకూ దీనికీ సంబంధం లేకపోలేదు. తూర్పు ఫిన్లాండ్‌లోని నడివయసు పురుషులను సుమారు ఇరవై ఏళ్లు గమనించి 2010లో వెలువరించిన అధ్యయనంలో, ఈ స్కేలుకు ముందున్న ఇరవై ఆరు వాక్యాల పాత రూపంలో ఎక్కువ మార్కులు వచ్చినవారిలో హృద్రోగ మరణాలు ఎక్కువగా కనిపించాయి. ఒకటి రెండోదానికి కారణమని దానితో రుజువు కాదు గానీ, ఛాతీ పట్టేస్తే గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకునే పెద్దమనుషులను ఎరిగినవారికి అది వింతగా తోచదు.

అడగ్గానే "బాగానే ఉంది" అని తేల్చేసే మనిషిని ఒక్కో వాక్యం దగ్గరా కాసేపు ఆపుతుంది కనుక, సంభాషణ మొదలుపెట్టడానికి ఇది మంచి సాధనమే. అయితే హృద్రోగుల విషయంలో ఒక చిక్కుంది. అర్థంకాని శారీరక అనుభూతుల గురించి అడిగే వాక్యాలు ఇందులో ఉన్నాయి. నిజంగానే గుండె దడ, ఆయాసం ఉన్నవారు వాటికి అవునని రాస్తే, జబ్బు తెచ్చిన లక్షణం కూడా మనసు లెక్కలో చేరిపోతుంది. పైగా గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మందులు వాడేవారికి, భయపడినప్పుడు కూడా గుండె వేగం అంతగా పెరగకపోవచ్చు; భయాన్ని పోల్చుకునే ఆ గుర్తు వారికి అందకపోవచ్చు. అయిదు వాక్యాలు మిగతావాటికి ఎదురు అర్థంలో ఉంటాయి (వాటికి మార్కులు తిరగేసి వేస్తారు) కనుక వాటి దగ్గర పెద్దవారు తడబడే అవకాశమూ ఉంది. అన్నిటికీ మించి, తన భావాలు తనకే తెలియని మనిషిని వాటి గురించే అడిగి, పక్కనే ఉన్న భార్యను ఒక్క మాట అడగకపోవడం నాకు పెద్ద లోటుగా అనిపించింది.

మా కేంద్రంలోని కౌన్సెలర్ మార్కులు చెప్పి ఊరుకోక, శారీరక లక్షణాలకు సంబంధించిన జవాబులను విడిగా చర్చించి, కుంగుబాటు ఉందేమో చూడటానికి పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పత్రం కూడా పూర్తి చేయించారు. అలా చేసే చోటైతే ఈ ప్రశ్నావళికి సమయం కేటాయించవచ్చు. మొత్తం మార్కులు మాత్రమే చేతిలో పెట్టి పంపే చోట దీనికోసం రుసుము కట్టమని నేను ఎవరికీ చెప్పను.