నాలుగు పదాలతో మొదలై ఎక్కడా ఆగని ఆట: ఇన్ఫినిట్ క్రాఫ్ట్

ఇన్ఫినిట్ క్రాఫ్ట్ తెరవగానే ఎదురయ్యేది దాదాపు ఖాళీ తెర. కుడివైపు పట్టీలో నీరు, నిప్పు, గాలి, మట్టి అని ఆంగ్లంలో నాలుగు పదాలు, ఒక్కొక్కదాని పక్కన ఒక చిన్న ఎమోజీ బొమ్మ. అంతకు మించి అంచెలు గానీ, గడియారం గానీ, గెలుపోటములు గానీ ఏమీ లేవు. ఒక పదాన్ని లాక్కొచ్చి మరొకదాని మీద వదిలితే రెండూ కలిసి మూడోది పుడుతుంది, పుట్టినది పట్టీలో చేరుతుంది, దానితో మళ్లీ కొత్త కలయికలు మొదలవుతాయి. నీల్ అగర్వాల్ తన నీల్.ఫన్ సైట్‌లో 2024 జనవరి 31న విడుదల చేసిన ఈ ఆటను బ్రౌజర్‌లో ఉచితంగా ఆడుకోవచ్చు, ఖాతా తెరవనక్కరలేదు. ముందు ఏడాది ‘ద పాస్‌వర్డ్ గేమ్’తో విసిగించి నవ్వించినది కూడా ఈయనే.

మన పంచభూతాలలోని ఆకాశం ఇక్కడ లేదు. ఈ నాలుగూ గ్రీకు తాత్వికుడు ఎంపెడోక్లిస్ చెప్పిన మూలద్రవ్యాలు. పంచభూతాలు ఒకదానిలో ఒకటి కలిసే తీరును చెప్పే వేదాంతంలోని పంచీకరణ ప్రక్రియలో, కంటికి కనబడే ప్రతి స్థూలభూతానికీ తన సూక్ష్మభూతం సగపాలు, మిగిలిన నాలుగింటివి ఎనిమిదో వంతు చొప్పున అని కచ్చితమైన లెక్క ఉంది. ఆ లెక్క తెలిసినవారికి ఈ ఆట మరీ తేలికగా తోచవచ్చు, ఎందుకంటే ఇక్కడ పాళ్లు లేవు, ఏది ముందు ఏది వెనుక అన్న భేదమూ లేదు. అయితే ఒక పదాన్ని దానితోనే కలిపే వీలుంది, తొలి ఆనందం నాకు అక్కడే దొరికింది: నీటికి నీరు చేరితే సరస్సు, మట్టికి మట్టి చేరితే పర్వతం, గాలికి గాలి చేరితే సుడిగాలి, నిప్పుకు నిప్పు చేరితే అగ్నిపర్వతం. ఈ నాలుగు జవాబులూ చూసి సూత్రం చిక్కిందనుకునేంతలో ఆవిరికి నిప్పు చేరి ఇంజను అవుతుంది. అక్కడి నుంచి ప్రకృతిని వదిలి కర్మాగారాలలోకి, ఆ తరువాత పురాణాలలోకి, సినిమాలలోకి దారి తీస్తుంది. మన సంధులు ఇలా కావు. రామ, అనుజుడు అన్న రెండు మాటలు ఇస్తే రామానుజుడు తప్ప మరొకటి రాదు. ఇక్కడ సంధి జరిగిన తరువాతే సూత్రం ఊహించుకోవాలి.

ఈ జవాబులను ఎవరూ కూర్చుని రాయలేదు. అంతకు ముందు ఎవరూ కలపని జంటను ఆటగాడు కలిపినప్పుడు అది సర్వర్‌కు వెళుతుంది, అక్కడి భాషా నమూనా, అంటే బోలెడు రాతలు చదివి మాటల అల్లిక నేర్చుకున్న కృత్రిమ మేధ, ఒక పదాన్నీ దానికి తగిన బొమ్మనూ ఎంచుతుంది. ఆట విడుదలైనప్పుడు ఈ పని చేసినది మెటా సంస్థ తయారుచేసిన లామా 2. ఒకసారి వచ్చిన జవాబు భద్రపడుతుంది కనుక ఆ తరువాత ఎవరు అదే జంటను కలిపినా అదే వస్తుంది. ఈ ఏర్పాటే ఆటకు ప్రాణం. జవాబు ప్రతిసారీ మారిపోతే దాన్ని కనుగొన్నామనడానికి అర్థమే ఉండేది కాదు. మరొకరికి దారి చెప్పడమూ కుదిరేది కాదు.

ప్రపంచంలో ఇంతవరకు ఏ ఆటగాడికీ రాని పదం మీకు వస్తే దాని పక్కన ‘తొలి ఆవిష్కరణ’ అన్న ముద్ర ఆంగ్లంలో పడుతుంది. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది: కొత్త జంటను కలిపినంత మాత్రాన ఈ ముద్ర రాదు, ఫలితంగా వచ్చిన పదమే కొత్తది కావాలి. ఎవరూ కలపని జంటలు కొల్లలుగా ఉన్నా వాటిలో అనేకం పాత పదానికే చేరుస్తాయి. నా మొదటి ముద్ర కోసం నేను రెండు సాయంత్రాలు వెచ్చించాను, తీరా వచ్చినది నాలుగు పదాలు అతుక్కున్న, అర్థం తేలని ఒక సమాసం. ఆ క్షణంలో గుండె ఉప్పొంగిన మాట నిజం. మరునాడు చూస్తే అది ఇంతకు ముందు ఎవరికీ రాకపోవడానికి కారణం దాని అవసరం ఎవరికీ లేకపోవడమే అనిపించింది. పొడుగాటి పదాలను పొడుగాటి పదాలతో కలుపుతూ పోతే ఇటువంటివి దొరుకుతూనే ఉంటాయి. పైగా ఆ ముద్ర మీద మీ పేరు ఉండదు, అది మీ బ్రౌజర్‌లో మీకు మాత్రమే కనబడుతుంది. కాబట్టి ముద్రల వేటను నేను పెద్దగా మెచ్చుకోను.

మెచ్చుకునేది మరొక పద్ధతి. ముందుగా ఒక లక్ష్యపదం అనుకుని, దానికి దారి వెతుక్కోవడం. మనిషి కావాలనుకుందాం. బంకమట్టికి జీవం కలిపితే మనిషి వస్తాడు. నలుగుపిండి బొమ్మకు పార్వతి ప్రాణం పోసిన వినాయక చవితి కథ విన్నవారికి ఈ జవాబు వింతగా ఉండదు. అయితే ఆ మట్టిని, ఆ జీవాన్ని సంపాదించే దారులు అనేకం. ఎవరి దారి వారిది; ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఎవరు తక్కువ అడుగులలో చేరతారో చూసుకుంటే, నియమాలు లేవన్న ఆటకు నియమాలు వాటంతటవే ఏర్పడతాయి. పదమూడేళ్ల మా మేనకోడలు ఈ పందెంలో నన్ను వరుసగా ఓడించింది. నేను రసాయనశాస్త్రం ఆలోచిస్తున్నాననీ, ఈ రెండు మాటలు వినగానే జనానికి ఏం గుర్తొస్తుందో తను ఆలోచిస్తున్నాననీ ఆమె తరువాత చెప్పింది. ఈ ఆట కిటుకు అంతా అదే. ఇక్కడ కనుగొనేది పదార్థ ధర్మాలను కాదు, ఆంగ్లం చదివి పెరిగిన ఒక యంత్రం మాటకు మాటను ఎలా ముడివేస్తుందో దానిని.

ఆంగ్లం అన్న మాట ఊరికే అనలేదు. మొక్కకు గాలి కలిపితే డాండెలియన్ వచ్చింది. పాశ్చాత్య దేశాల పిల్లలు ఆ పూవు గింజలను నోటితో ఊది ఎగరేస్తారు కనుక ఆ జవాబు అక్కడివారికి ఎంతో సహజం. మన ఊళ్లలో పెరిగినవారికి గాలిలో తేలే జిల్లేడు దూది గుర్తొస్తుంది. ఇలా మనం ఎదురుచూసిన మాట ఒకటీ, వచ్చిన మాట మరొకటీ అయిన సందర్భాలు నాకు చాలా తగిలాయి. వారం రోజులుగా పెసరట్టు కోసం ప్రయత్నిస్తున్నాను, ఇంకా చేరలేదు.

ఈ కోవలో ఇది మొదటి ఆట కాదు. 2010లోనే డూడుల్ గాడ్, లిటిల్ ఆల్కెమీ వచ్చాయి; 2017లో వచ్చిన లిటిల్ ఆల్కెమీ 2 మూల ఆటలో 720 వస్తువులు ఉన్నాయి. వాటిని మనుషులే ఎంచి పేర్చారు. ఇక దేనితోనూ కొత్త కలయిక మిగలని వస్తువు పట్టీ నుంచి తప్పుకుంటుంది, ఆటకు ఒక చివర ఉంటుంది, ప్రతి జవాబు వెనుక ఒక ఆలోచన కనిపిస్తుంది. చిన్నపిల్లలకు నేను సూచించేది లిటిల్ ఆల్కెమీ 2నే. ఇన్ఫినిట్ క్రాఫ్ట్‌లో జవాబులు అప్పటికప్పుడు పుట్టేవి కనుక వాటిలో కొన్ని తమాషాగా, కొన్ని నిస్సారంగా ఉంటాయి. పిల్లలకు తగనివి రావన్న భరోసా కూడా లేదు.

ఆడే తీరులో ఇబ్బందులు కొద్దిపాటివే. పట్టీ వందలు దాటాక వెతుకుడు గడి లేకుండా పని జరగదు. ఇంటర్నెట్ లేనిదే కొత్త జంటలు కలవవు. వేలితో లాగే ఫోన్ కన్నా మౌస్ ఉన్న కంప్యూటర్ మీద హాయిగా ఉంటుంది. మీ పదాలన్నీ మీ బ్రౌజర్‌లోనే దాగి ఉంటాయి కనుక బ్రౌజర్‌ను శుభ్రం చేసే అలవాటు ఉన్నవారు ఆ సైట్ డేటాను మాత్రం ముట్టుకోకండి; నేను ముట్టుకుని, మూడు వందలకు పైగా పదాలు పోగొట్టుకుని, మళ్లీ నీటి మీద నిప్పు పెట్టి ఆవిరి దగ్గర మొదలుపెట్టాను.