జపాన్‌లో కందిపప్పు దొరుకుతుంది, పొయ్యే మాట వినదు

ఉద్యోగం మీద టోక్యో వెళ్ళే తెలుగువాళ్ళ పెట్టెల్లో సగం బరువు బియ్యం, పప్పులదే ఉంటుంది. ఆ మోత దండగ. బియ్యం, పప్పులు ఏవి తీసుకెళ్ళినా తెగుళ్ళు లేవని మన దేశపు ప్లాంట్ క్వారంటైన్ శాఖ ఇచ్చిన ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఉండాలి. పచ్చి పండ్లలో చాలావాటిని సర్టిఫికెట్ ఉన్నా రానివ్వరు. 2018 అక్టోబరు నుంచి ఈ నిబంధన గట్టిగా అమలవుతోంది. సర్టిఫికెట్ లేకపోతే విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు. నాటుకోడి పచ్చడి, మటన్ పచ్చడి అయితే అసలే నిషేధం, జరిమానా కూడా పడొచ్చు. రొయ్యల పచ్చడికి ఈ మాంసం నిషేధం వర్తించదు. కంపెనీ సీలున్న కారం, సాంబారు పొడి ప్యాకెట్లు, ఇంగువ, ఇండక్షన్ అడుగున్న స్టీల్ కుక్కర్, దానికి అదనంగా రెండు గాస్కెట్లు పెట్టుకుంటే చాలు. మిగతావన్నీ అక్కడే కొనుక్కోవచ్చు.

కొనడానికి టోక్యోలో మూడు చోట్లున్నాయి, మూడింటికీ వేరువేరు పనులు. నిషి కసాయిలో భారతీయ కుటుంబాలు ఎక్కువ. తోజాయి లైన్లో ఓతెమాచి ఆఫీసులకు రైలు మారకుండా సుమారు 20 నిమిషాల్లో వెళ్ళిపోవచ్చు, అందుకే ఐటీవాళ్ళు అక్కడ చేరారు. సోనా మసూరి, ఇడ్లీ రవ్వ, మినప్పప్పు, ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన ములక్కాడ ముక్కలు స్టేషన్ నుంచి నడిచే దూరంలోనే దొరుకుతాయి. షిన్ ఓకుబో స్టేషన్ దగ్గరి సందును ఇస్లాం యోకోచో అంటారు. హలాల్ మాంసం, బంగ్లా దుకాణాల్లో గడ్డకట్టిన రోహు చేప, పచ్చిమిర్చి, కొత్తిమీర అక్కడ చవక. ఉయెనోలోని అమెయోకో సెంటర్ భవనం నేలమాళిగలో థాయ్, చైనా దుకాణాలుంటాయి. పచ్చి ఆకులు, చేపలు కావాలంటే అక్కడికి వెళ్ళాలి, పప్పుల కోసం మాత్రం అక్కర్లేదు. ఊరెక్కడైనా గ్యోము సూపర్ అనే గొలుసు దుకాణం ఉంటుంది. గడ్డకట్టిన బెండకాయ, 2 కిలోల బ్రెజిల్ కోడి మాంసం అందులో తీసుకోవచ్చు.

మామూలు సూపర్ మార్కెట్లో మనకు పరాయివిగా కనిపించే కూరల్లో సగం మన కూరలే. త్సురుమురాసాకి అని రాసి ఉన్న కట్ట అచ్చం బచ్చలికూర. ఎండాకాలంలో వస్తుంది, పప్పులో వేస్తే తేడా తెలియదు. సాతోఇమో అంటే చామదుంప, గోయా అంటే కాకరకాయ. దైకోన్ అంటే ముల్లంగే, కాకపోతే చేయంత పొడుగు, ఘాటు తక్కువ. సాంబారులో రెట్టింపు ముక్కలు వేసినా చేదెక్కదు. వంకాయలు చిన్నవి ఎంచుకుంటే గుత్తి వంకాయకు బాగా పనికొస్తాయి. మోసపోయేది రెండు చోట్ల. షిషితో చూడటానికి పచ్చిమిరపకాయే, కారం మాత్రం దాదాపు ఉండదు. కారం కావాలంటే అవో తోగరాషి అని అడగాలి. మిత్సుబా కట్ట కొత్తిమీరలాగే కనిపిస్తుంది, వాసన వేరు. కొత్తిమీరకు అక్కడి పేరు పకుచి. చేపల్లో సవారా మన వంజరం జాతిదే. కండ కాస్త మెత్తన కాబట్టి పులుసు తెర్లిన తర్వాత ముక్కలు వేసి, గరిటె పెట్టకుండా గిన్నె కదపాలి. సాయంత్రం 7 దాటాక చాలా దుకాణాల్లో చేపల మీద సగం ధర చీటీలు అంటిస్తారు.

బియ్యం సంగతి. జపాన్ బియ్యం గింజ పొట్టి, జిగురు ఎక్కువ. దద్ధోజనానికి, పొంగలికి ఇంతకన్నా మంచి బియ్యం లేదు. పులిహోరకు, బిర్యానీకి పనికిరాదు, ముద్దవుతుంది. ఇడ్లీకి ఆ బియ్యమే నానబోస్తే ఇడ్లీ చేతికి అంటుకుంటుంది. ఇడ్లీ రవ్వ కొనడమే తెలివి. రైస్ కుక్కర్‌తో వచ్చే కొలత గ్లాసును ఒక గో అంటారు. అది 180 మిల్లీలీటర్లు, అంటే సుమారు 150 గ్రాముల బియ్యం. లోపలి గిన్నె మీది నీళ్ళ గీతలు జపాన్ బియ్యానికి వేసినవి. సోనా మసూరికి ఆ గీత దాటి ఇంకో అర గ్లాసు దాకా పొయ్యాలి. 2025లో జపాన్ బియ్యం 5 కిలోలు 4,000 యెన్లు దాటింది. దాంతో ఆ ఏడాది సోనా మసూరికీ దానికీ ధరలో మునుపున్నంత తేడా లేకపోయింది.

ఇక పొయ్యి. 2008 నుంచి ఇళ్ళకు అమ్మే రెండు, మూడు బర్నర్ల గ్యాస్ పొయ్యిల్లో ప్రతి బర్నర్ మధ్యలో స్ప్రింగు మీద ఒక సెన్సర్ ఉంటుంది. పాత్ర అడుగు దాదాపు 250 డిగ్రీలకు చేరగానే మంట దానంతటదే తగ్గిపోతుంది, తర్వాత ఆరిపోతుంది. నూనె అంటుకోకుండా పెట్టిన ఏర్పాటు ఇది. మనకు మాత్రం ధనియాలు వేయిస్తున్నప్పుడు, ఇనప పెనం కాలుతున్నప్పుడు సరిగ్గా సమయానికి మంట పోతుంది. పొయ్యి చెడిపోయిందని ఇంటి యజమానికి ఫోన్ చేసేవాళ్ళు తక్కువేం కాదు. చాలా మోడళ్ళలో పెద్ద బర్నర్‌కు ఎక్కువ వేడి మోడ్ ఉంటుంది. ఆ బటన్ 3 సెకన్లు నొక్కి పట్టుకుంటే పరిమితి పెరుగుతుంది. అడుగు గుండ్రంగా ఉన్న మూకుడు సెన్సర్‌ను సరిగా తాకదు కాబట్టి అడుగు చదునుగా ఉన్నవే కొనాలి. కొన్ని పొయ్యిలు పైన పాత్ర లేకపోతే మంటను తగ్గించేస్తాయి, అందువల్ల పుల్కా నేరుగా మంట మీద పొంగదు. సెన్సర్ ఉన్న పొయ్యిల కోసమే చేసిన జాలీ ఒకటి కొని పెట్టుకోవాలి. ఒక్క మేలు ఏమిటంటే పొయ్యి కింద చేపలు కాల్చే గ్రిల్ ఉంటుంది. నూనె రాసి, నాలుగు గాట్లు పెట్టి వంకాయను అందులో 15 నిమిషాలు పెడితే వంకాయ పచ్చడికి పొగ వాసన లేని లోటు తప్ప అన్నీ కుదురుతాయి.

సెన్సర్ గొడవ పడలేక కొందరు చిన్న గ్యాస్ డబ్బా పెట్టుకునే కాసెట్ పొయ్యి కొంటారు. దాని మీద పెద్ద దోసె పెనం పెట్టడం ప్రమాదం. పెనం గ్యాస్ డబ్బా మీదికి వాలితే డబ్బా వేడెక్కి పేలుతుంది. గ్యాస్ పొయ్యి సొంతంగా కొనేటప్పుడు ఇంటికి వచ్చేది ఊరి గొట్టాల్లో వచ్చే టౌను గ్యాసా, ప్రొపేనా అన్నది ముందే తెలుసుకోవాలి. రెండింటి పొయ్యిలూ వేరు, ఒకదానిది ఇంకోదానికి తగిలించకూడదు. ప్రభుత్వ సంబంధమైన యూఆర్ ఇళ్ళకు కీ మనీ (యజమానికి ఇచ్చే, తిరిగి రాని సొమ్ము), బ్రోకర్ ఫీజు, హామీదారు అక్కర్లేదు, విదేశీయులకు అందుకే ఇష్టం. అయితే చాలా యూఆర్ ఇళ్ళలో పొయ్యి ఉండదు. ఆ ఖర్చు కలుపుకునే అద్దె పోల్చుకోవాలి. ఐహెచ్ పొయ్యి అంటే ఇండక్షన్ ఉన్న ఇంట్లో అల్యూమినియం కుక్కర్, ఇడ్లీ పాత్ర పనిచెయ్యవు.

కరెంటు 100 వోల్టులు. మన 230 వోల్టుల మిక్సీ నేరుగా పెడితే తిరిగినట్టే ఉంటుంది కానీ పప్పు పడగానే ఆగిపోయి మోటారు వేడెక్కుతుంది. 750 వాట్ల మిక్సీకి 1,500 వాట్ల స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, అది ఇనప గుండులా బరువు. అంతకన్నా అమెరికా కోసం చేసిన 110 వోల్టుల మిక్సీ తీసుకెళ్తే ట్రాన్స్‌ఫార్మర్ లేకుండానే తిరుగుతుంది, వేగం కాస్త తగ్గుతుంది అంతే. టోక్యోలో 50 హెర్ట్జ్, ఒసాకాలో 60 హెర్ట్జ్. మిక్సీకి ఈ తేడా పట్టదు, వెట్ గ్రైండర్ మాత్రం ఒసాకాలో వేగంగా తిరుగుతుంది. టోక్యో చిన్న ఫ్లాట్లలో తరచు 30 ఆంపియర్ల కనెక్షనే ఉంటుంది. రైస్ కుక్కర్, మైక్రోవేవ్, ఏసీ ఒకేసారి వేస్తే బ్రేకర్ పడుతుంది.

చలికాలంలో పిండి పులియదు. రాత్రి వంటింట్లో 10 డిగ్రీలు కూడా ఉండకపోవచ్చు. మైక్రోవేవ్ ఓవెన్లలో చాలావాటికి బ్రెడ్డు పిండి పొంగడానికి హక్కో అనే మీట ఉంటుంది. 30 నుంచి 35 డిగ్రీల మధ్య పెట్టి, గిన్నె సగం దాకే పిండి పోసి వదిలితే పొద్దుటికి పొంగుతుంది. 40కి పెడితే పులుపు ముందు వచ్చి పొంగు రాదు. పెరుగు తోడుకు 400 గ్రాముల సాదా యోగర్ట్ డబ్బా ఏదైనా సరే, కాస్పియన్ సముద్రం పేరున్నది తప్ప. ఆ సూక్ష్మజీవులతో తోడుకున్నది జిగురుగా తీగలు సాగుతుంది, మజ్జిగ చేస్తే ఇంకా ఘోరం. పాల డబ్బా మీద సెయిబున్ ముచోసెయి అని ఉందో లేదో చూడాలి, అంటే ఏమీ కలపని, ఏమీ తీసెయ్యని పాలు. వెన్న తీసిన రకాల్లో పెరుగు పల్చనవుతుంది.

బయట తినడంలో మాంసాహారులకు ఇబ్బంది లేదు. శాకాహారులకు అసలు చిక్కు మాంసం కాదు, దాషి. ఎండబెట్టిన బొనీటో చేప తురుము మరిగించి తీసే ఈ రసం మిసో సూప్‌లో, సోబా, ఉదోన్ నూడుల్స్ పులుసులో, ఉడికించిన కూరల్లో, చివరికి ఇనారి సుషీ పైపొరలో కూడా ఉంటుంది. మాంసం వద్దని చెప్తే చేపలు పెడతారు, అప్పుడప్పుడు హామ్ ముక్కలు కూడా, వాళ్ళ లెక్కలో హామ్ మాంసం కింద రాదు మరి. చెప్పాల్సిన వాక్యం: నికు తో సకానా తో కత్సువో దాషి మో తబెరారెమసెన్. అంటే మాంసం, చేప, బొనీటో దాషి కూడా తినలేను అని. చల్లటి తోఫు తెప్పించుకుంటే పైన చేప తురుము చల్లి వస్తుంది, కత్సువోబుషి నుకి దె అంటే చల్లరు. ప్యాకెట్ల మీద అలర్జీ పట్టిక చూసి మోసపోవద్దు. తప్పనిసరిగా రాయాల్సినవాటిలో గుడ్డు, పాలు, రొయ్య, ఎండ్రకాయ ఉన్నాయి, బొనీటో లేదు. దిగువ చిన్నక్షరాల పదార్థాల జాబితానే ఫోన్‌తో అనువదించుకోవాలి. పెట్టెల్లో అమ్మే జపాన్ కర్రీ దిమ్మల్లో సాధారణంగా గొడ్డు లేదా పంది కొవ్వు ఉంటుంది.

టోక్యో స్టేషన్ లోపల టీస్ తాన్‌తాన్‌లో పాలు, గుడ్డు కూడా లేని పూర్తి వీగన్ రామెన్ నూడుల్స్ దొరుకుతాయి. టికెట్ గేటు దాటిన తర్వాత ఉంటుంది కాబట్టి రైలు ప్రయాణంలో భాగంగా వెళ్ళడమే నయం. మన తిండి మీద మనసు మళ్ళితే ఓకాచిమాచిలో ఆంధ్రా కిచెన్, కామియాచోలో నిర్వాణం ఉన్నాయి. ఊరూరా కనిపించే నాన్ కర్రీ హోటళ్ళు ఎక్కువగా నేపాలీలవి. నాన్ చేటంత, చక్కెర కలిపి తియ్యగా, చాలాచోట్ల మళ్ళీ మళ్ళీ ఉచితం. కూరలో కారం అడిగితే ఎండుకారం పొడి పైన కలిపి ఇస్తారు, అడగకపోతేనే రుచి. ఇజకాయా అనే జపాన్ బారులో అడగకుండానే వచ్చే చిన్న గిన్నె ఓతోషి. 300 నుంచి 500 యెన్లు బిల్లులో పడుతుంది, అది కూర్చున్నందుకు రుసుము. టిప్పు ఇవ్వకూడదు. అదే భోజనం కూర్చుని తింటే 10 శాతం, కట్టించుకుని పోతే 8 శాతం పన్ను.

బస విషయంలో, సంప్రదాయ ర్యోకాన్ సత్రాలు రాత్రి భోజనంతో కలిపి ఖరీదు చెప్తాయి, ఆ భోజనమంతా చేపల చుట్టూనే తిరుగుతుంది. చివరి నిమిషంలో శాకాహారమంటే కుదరదంటారు. సుదొమారి అంటే భోజనం లేని గది తీసుకుని, వంటింటి అపార్ట్‌మెంట్ హోటల్‌కు మిగతా రోజులు మార్చుకోవడం చవక. ఒక్క మినహాయింపు ఒసాకా దగ్గరి కోయాసాన్ కొండ. అక్కడ 50 దాకా బౌద్ధ గుళ్ళు యాత్రికులకు గదులిస్తాయి. అక్కడ పెట్టే షోజిన్ అనే బౌద్ధ శాకాహార భోజనంలో మాంసం, చేప, ఉల్లి, వెల్లుల్లి ఏవీ ఉండవు. రసం కొంబు అనే సముద్రపు ఆకుతో, షీటాకే పుట్టగొడుగులతో తీస్తారు. నువ్వులు, కుద్జు పిండి కలిపి చేసే గోమా తోఫు మన జున్నును తలపిస్తుంది, తీపి లేదంతే. అయినా బుక్ చేసేటప్పుడు దాషి సంగతి రాసి పంపాలి, గుడ్డు, పాల సంగతీ రాయాలి. ధర మనిషికి రెండు పూటల భోజనంతో 10,000 యెన్ల పైమాటే. స్నానాల గది ఉమ్మడిది, పొద్దున్నే పూజ. సాయంత్రం 5 లోపు చేరకపోతే రాత్రి భోజనం పోయినట్టే, ఆ వేళ దాటాక కొండ మీద తెరిచి ఉండే హోటళ్ళు అతి తక్కువ.