ఫైలు ఎందుకు తెరుచుకోలేదో చూపించే ప్రాసెస్ మానిటర్

చీమకుర్తి గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లలోనూ, ఒంగోలు ట్రంకు రోడ్డు దుకాణాలలోనూ కంప్యూటర్లు చూసే పనిలో నాకు తరచుగా వచ్చే ఫిర్యాదు ఒకటే: బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ‘ఫైలు తెరవడం సాధ్యం కాలేదు’ అని ఆగిపోతుంది, ఏ ఫైలో, ఎందుకో చెప్పదు. ఆ రెండింటినీ చెప్పే ఉచిత సాధనం మైక్రోసాఫ్ట్‌లో విండోస్ సాధనాల విభాగమైన సిసింటర్నల్స్ వారి ప్రాసెస్ మానిటర్. ప్రోగ్రాములు ఫైళ్లతో చేసే ప్రతి పనినీ, దాని ఫలితాన్నీ ఇది ఒక్కో వరుసగా రికార్డు చేస్తుంది. ఫైల్‌మాన్, రెగ్‌మాన్ అనే పాత సాధనాల స్థానంలో 2006లో వచ్చిన దీనికి ఇన్‌స్టలేషన్ అక్కరలేదు. అడ్మినిస్ట్రేటర్ హక్కులు మాత్రం ఉండాలి.

ఒక యూనిట్‌లో యజమాని లాగిన్‌లో వచ్చే బిల్లు గుమాస్తా లాగిన్‌లో రావడం లేదు. ప్రాసెస్ మానిటర్‌లో ఆ ప్రోగ్రామ్ వరుసలే కనిపించేలా దాని పేరుతో ఫిల్టర్ పెట్టి బిల్లు కొట్టించగా, అది ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని తన సొంత ఫోల్డరులోనే తాత్కాలిక ఫైలు సృష్టించబోయి ‘యాక్సెస్ డినైడ్’ (అనుమతి లేదు) అనే ఫలితం తెచ్చుకుంటున్నట్టు కనిపించింది. పాత 32 బిట్ వెర్షన్ ఉన్నంతకాలం, విండోస్ విస్టాతో వచ్చిన ఫైల్ వర్చువలైజేషన్ అనే ఏర్పాటు అటువంటి రాతలను యూజర్ సొంత ఫోల్డర్లలోని వర్చువల్‌స్టోర్‌కు మళ్లించి కాపాడింది. 64 బిట్ ప్రోగ్రాములకు ఆ వెసులుబాటు లేదు గనుక అప్‌డేట్ తరువాత లోపం బయటపడింది. సెట్టింగులలో తాత్కాలిక ఫోల్డరు మార్చడంతో పని జరిగింది. ఇటువంటి చోట ఆ ఫోల్డరు మీద అందరికీ ఫుల్ కంట్రోల్ (పూర్తి హక్కులు) ఇచ్చేయడం, యాంటీవైరస్ ఆపేయడం మన ప్రాంతంలో మామూలైపోయింది. లెక్కల పుస్తకాలన్నీ ఉన్న కంప్యూటరుకు అది ఎంతమాత్రం తగదు.

‘షేరింగ్ వయొలేషన్’ వస్తే పద్ధతి మార్చాలి. ఫైలును మరొక ప్రోగ్రామ్, ఎక్కువగా బ్యాకప్ సాఫ్ట్‌వేరో యాంటీవైరస్సో, పంచుకోవడానికి వీలులేకుండా పట్టుకుని ఉంటుంది కాబట్టి, ప్రోగ్రామ్ పేరుతో కాక ఫైలు పాత్‌తో (ఫోల్డరుతో సహా పూర్తి చిరునామాతో) ఫిల్టర్ పెట్టినప్పుడే రెండో పక్షం కనబడుతుంది. రికార్డింగ్ మొదలుకాక ముందే ఆ ఫైలు తెరిచి ఉంటే మాత్రం ఇందులో దొరకకపోవచ్చు; అప్పుడు ఇదే సంస్థ ఇచ్చే ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్‌లో ఆ ఫైలు పేరుతో హ్యాండిల్ (ఫైలును ఏ ప్రోగ్రామ్ పట్టుకుందో చూపే గుర్తు) వెతకాలి.

కొత్తవారికి ఇది సులభం కాదు. తెరవగానే వేలాది వరుసలు పరుగెడతాయి, అంతా ఇంగ్లీషే, వివరణ ఏమీ ఉండదు. ‘నేమ్ నాట్ ఫౌండ్’ (ఆ పేరుతో ఏదీ దొరకలేదు) అనే ఫలితాలు చూసి కంగారుపడేవారు చాలామంది. విండోస్ ఒకే ఫైలును పలు ఫోల్డర్లలో వెతుకుతుంది కనుక అవి చాలావరకు సహజమే. ఎక్కువసేపు నడిపితే మెమరీ నిండిపోతుంది కాబట్టి ఫిల్టర్ చూపని వరుసలను నిలవ ఉంచకుండా వదిలేసే ‘డ్రాప్ ఫిల్టర్డ్ ఈవెంట్స్’ ఎంచుకోవడం మంచిది.

రికార్డును ప్రాసెస్ మానిటర్ సొంత రూపమైన పీఎమ్ఎల్ ఫైలుగా భద్రపరచి సాఫ్ట్‌వేర్ తయారీదారులకు పంపవచ్చు. అందులో యూజర్ పేర్లు, ఫైళ్ల పేర్లు, ఫోల్డర్ల చిరునామాలు అన్నీ ఉంటాయి గనుక, సేవ్ చేసేటప్పుడు ఫిల్టర్‌లో మిగిలిన వరుసలను మాత్రమే ఎంచుకుని, యజమాని అనుమతి తీసుకున్నాకే పంపాలి.